నలుసు తీసిన నాలిక

శారదా నది గట్టు కింద, అనకాపల్లిలో ఉండీ లేనట్టుండే వీధి ఒకటుంది. అప్పలకొండమ్మ కొత్త నర్సమ్మ మీద గెలిచిన తగువును ఆ వీధి ఏడాదిపాటు చెప్పుకుని నవ్వింది.

ఆ వేళ బెల్లం మార్కెట్లో బస్తాలు మోసే బంగారయ్య కన్ను నలుపుకుంటూ వచ్చి అప్పలకొండమ్మ అరుగు మీద కూలబడ్డాడు. అప్పలకొండమ్మ ఉప్పునీళ్ళతో నోరు పుక్కిలించి, కొంగుతో పెదాలు తుడుచుకుని, అతని తల ఒళ్ళోకి వంచుకుంది. సరిగ్గా అప్పుడే షెకీనా అనే నర్సు భుజాన సంచీతో వీధిలోకి వచ్చింది. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు పాపం.

"మామ్మగారూ, ఆగండి. కంట్లో నాలిక పెట్టకూడదు. నోట్లో క్రిములుంటాయి."

అప్పలకొండమ్మ తల తిప్పలేదు. "పైకి సూడరా. సూరుకేసి సూడు. కదిలేవంటే సెవి మెలేత్తాను," అంటూ బంగారయ్య రెప్పలు రెండు వేళ్ళతో విడదీసి, నాలిక కొసతో కనుగుడ్డు మీద ఒక్క తుడుపు తుడిచింది. అప్పుడు తీరిగ్గా నర్సమ్మ వైపు చూసింది.

"మీ ఆసుపత్రి ఎన్నింటికి తీత్తారమ్మా?"

"తొమ్మిదింటికి."

"మూసీది?"

"పన్నెండింటికి. మళ్ళీ సాయంత్రం..."

"అయితే నలుసుకి సెప్పాల. తొమ్మిదికీ పన్నెండుకీ మజ్జినే పడమని."

అరుగుల మీద నవ్వులు మొదలయ్యాయి. షెకీనా ముఖం కందిపోయింది. అయినా పిల్ల గట్టిదే, వదల్లేదు. "నవ్వులాట కాదండి. కన్ను గీసుకుపోయి ఉంటే పుండవుతుంది. అది నలుసో, గీతో మీకెలా తెలుస్తుంది?"

"నీకు పెళ్ళయిందా?"

"అయింది."

"మీ ఆయన ముద్దెట్టుకోడానికొత్తే, క్రిములు కడుక్కుని రమ్మన్నావేటి?"

వీధి గొల్లుమంది. ఆ గోలలోనే అప్పలకొండమ్మ అరిచేతిలోకి ఉమ్మి, చెయ్యి చాచి అందరికీ చూపించింది. "ఇదిగో నలుసు. గోనె పీసు. బాగా సూడండి. ఇప్పుడు నీ క్రిములేయో నువ్వు సూపించు తల్లీ."

చూపించడానికి ఆ పిల్ల దగ్గర ఏముంది? చూపించగలిగిన నలుసు గెలిచింది, చూపించలేని క్రిములు ఓడిపోయాయి. షెకీనా కళ్ళనీళ్ళు ఆపుకుంటూ సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఎదురింటి సన్నాసమ్మ ఆ నీళ్ళని కూడా వదల్లేదు. "అప్పా, ఆ పిల్ల కంట్లో కూడా ఏదో పడినట్టుంది. పిలు, తీసేద్దువు గాని," అంది. ఆ ముక్క సన్నాసమ్మే కొళాయి దగ్గరికీ, రేషను షాపు దగ్గరికీ మోసింది. సాయంత్రానికి గవరపాలెం దాకా పాకింది.

ఓడిపోయిన మనిషికి బుద్ధి వస్తుందంటారు. గెలిచిన మనిషికి ఏం వస్తుందో ఎవరూ చెప్పరు. నర్సమ్మ ఓడింది కాబట్టి, కంటికి దెబ్బ తగిలితే ఆసుపత్రికి పోవాలనే మాట కూడా ఆ వీధిలో ఆమెతోపాటే ఓడిపోయింది.

అప్పలకొండమ్మకి ఆ పేరు ఊరికే రాలేదు. రోలుగుంట దగ్గర కొండవార పల్లెలో పుట్టి, పదమూడేళ్ళకి ఈ వీధికి కోడలుగా వచ్చింది. అత్త మంత్రసాని. ప్రసవం చెయ్యడమూ, నలుసు తియ్యడమూ రెండూ అత్త దగ్గరే నేర్చింది. ఆ వీధిలో ముప్ఫై దాటిన ప్రతి తలనీ మొదట పట్టుకున్నవి ఆమె చేతులే. తర్వాత తర్వాత కాన్పులన్నీ ఆసుపత్రులకి పోయాయి. ఆఖర్న ఆమె చేతికి అందిన బిడ్డల్లో, పక్కింటి పుష్పకుమారికి పుట్టిన దీనా ఒకతె. కాన్పులు పోయాక ఆమెకి నలుసులు మిగిలాయి. నలుసు తీసినందుకు ఏమీ పుచ్చుకోకూడదు, పుచ్చుకుంటే నాలిక మొద్దుబారుతుందని అత్త చెప్పింది. కాబట్టి ఆమెకి దొరికే కూలి ఒక్కటే. అరిచెయ్యి చాచి చూపించినప్పుడు జనం "అమ్మో" అనడం. దాని రుచి ఆమెకి బాగా తెలుసు.

దీనా జాకెట్లు కుట్టేది. సన్నని పని. గుడ్డ మీద కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత సన్నంగా వేసేది. ఆ ఏడు, రెండువేల ఆరులో, తండ్రి అబ్రహాం నడుం పట్టేసి మంచానపడితే, శ్రావణమాసంలో చెరకు తోటల్లో జడచుట్టుకి పోయింది. చెరకు గాలికి పడిపోకుండా గడలని దగ్గరకి లాగి, వాటి ఆకులతోనే జడలా మెలిపెట్టి కట్టే పని అది. చెరకు ఆకు అంచు రంపమే. కొత్తవాళ్ళకి చేతులు కోసుకుంటాయి. దీనాకి ఆకు ఎగిరి కంట్లో కొట్టింది.

చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని తిన్నగా అప్పలకొండమ్మ అరుగు మీదకే వచ్చింది. "మామ్మా, ఏదో ఉండిపోయిందే. గుచ్చుకుంటంది."

"ఏడుపు మాను. పైకి సూడు."

అప్పలకొండమ్మ నాలిక కనుగుడ్డు మీద తిరిగింది. ఏమీ తగల్లేదు. మళ్ళీ తిప్పింది. గుడ్డు మీద సన్నని గరుకు తగిలింది కాని, అది ఊడివచ్చేది కాదు. అది నలుసు కాదు, గీత. ఆమె నాలికకి ఆ సంగతి తెలిసిపోయింది. ఇన్నేళ్ళు తీసిన నాలికకి ఆపాటి తెలియదా?

అయితే అరుగు చుట్టూ జనం చేరిపోయారు. సన్నాసమ్మ ఎదురుగా మెడ సాచి నిలబడింది. "ఏదప్పా, సూపించు," అన్నారెవరో. అప్పలకొండమ్మ అరిచేతిలోకి ఉమ్మింది. అరిచేతిలో ఉమ్మి తప్ప ఏమీ లేదు. చప్పున గుప్పిట మూసి, చెయ్యి చీరకి రాసేసి, "పోయింది. ఆకు పీసు. లెగు," అంది.

అంతే. ఆ చెయ్యి తుడుచుకున్నంతసేపట్లో అయిపోయింది.

ఆ తర్వాత చేసినవన్నీ ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి చేసినవే. వెచ్చటి ఆముదం పోసింది. కన్ను ఎర్రబడితే, బాలింత దగ్గర పాలు పితికించి తెచ్చి పోసింది. వాచిపోతే గుడ్డ కట్టింది. "నలుసు పోయిన కాడ సలుపుంటాది. తగ్గిపోద్ది," అంది. ఆ మాట అంటున్నప్పుడల్లా అరిచెయ్యి దురదపెట్టేది. వారం తిరిగేసరికి దీనా నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేచింది, వెలుతురు చూడలేక గుమ్మానికి గోనెపట్టా అడ్డం కట్టుకుని చీకట్లో కూర్చుంది. అప్పుడు పుష్పకుమారి, "ఇంక వైజాగు తీసుకెళ్ళిపోదాం పిన్నీ. నువ్వూ రా. నువ్వుంటే నాకు దైర్నం," అంది.

ఆ మాట అనే బదులు రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండుననిపించింది అప్పలకొండమ్మకి. అయినా వెళ్ళింది.

వైజాగులో కంటాసుపత్రి డాక్టరమ్మ, పుండులోంచి కొంచెం గీకి అద్దాల కింద పెట్టించి చూసింది. "ఆకు మీదుండే బూజు గాయంలోకి దిగింది. దాని మీద నూనె, పాలు పోసి, గాలి తగలకుండా కట్టు కట్టారు. బూజు హాయిగా పెరిగింది. గీసుకున్న రోజే వచ్చుంటే చుక్కల మందుతో పోయేది. ఎవరు చేశారీ పని?"

పుష్పకుమారి తల వంచుకుంది. అప్పలకొండమ్మ కుడి గుప్పిట మూసి కొంగు కింద దాచుకుంది. ఈలోపే దీనా, "నేనే పోసుకున్నానండి," అంది.

అప్పలకొండమ్మ చేతుల్లో పుట్టిన పిల్ల ఆమె తప్పు తన నెత్తిన పెట్టుకుంది.

మందు చుక్కలు గంట గంటకీ పోశారు. బూజు లొంగింది గాని, పుండు మానలేదు. నల్లగుడ్డు రోజురోజుకీ పల్చబడుతోందని డాక్టరమ్మ పుష్పకుమారిని పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. "ఇలాగే వదిలేస్తే గుడ్డుకి చిల్లు పడుతుంది. అప్పుడు కన్నే తీసెయ్యాల్సి రావచ్చు. అందుకని పుండు మీద మాయ పొర పరిచి కుట్టేస్తాం."

"ఏ పొరండి?"

"మాయ. కాన్పులో బిడ్డ తర్వాత పడుతుంది చూడు, అదే. దాని మీద జల్లెడబట్ట కన్నా పల్చటి పొర ఉంటుంది. ఆపరేషను కాన్పులప్పుడు తల్లుల్ని అడిగి, రక్తం పరీక్షలు చేసి, ఆ పొర తీసి దాచిపెడతాం. అది వేస్తే లోపల మంట చల్లారుతుంది, పుండు పూడుతుంది. తర్వాత అదే కరిగిపోతుంది. చూపు పూర్తిగా వస్తుందని మాటివ్వలేను. ముందు కన్ను నిలబడాలి. ఒప్పుకుంటే రేపు పొద్దున్నే చేసేద్దాం."

పుష్పకుమారి వరండాలోకి వచ్చింది. ఆమె ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. గోడవార కూర్చున్న అప్పలకొండమ్మ పక్కన చతికిలబడింది.

"పిన్నీ, బిడ్డని ఇంటికి తీసుకెళ్ళిపోదాం."

"ఏటయింది?"

"దాని కంట్లో మాయ పొర ఏత్తారంట. ఎవలి మాయో. నువ్వే కదా సెప్పేవు, దీనా పుట్టినప్పుడు? మాయ పరాయి సేతిలో పడితే ఆ బిడ్డకి కళ్ళు పోతాయని. లోతుగా తవ్వి పాతీమని దీనా నాన్న సేత గొయ్యి తవ్వించేవు కాదా. ఇప్పుడు ఎవలి బిడ్డ కళ్ళో తీసి నా బిడ్డకి పెడతారంటే నేను ఒప్పుకుంటే, ప్రెభువు నన్ను అడగడా?"

అవును, ఆ మాట అప్పలకొండమ్మదే. ప్రతి పురిటింట్లోనూ అన్నదే. అదెక్కడ పుట్టిందో ఆమెకొక్కదానికే తెలుసు. కొత్తగా మంత్రసానిగా తిరిగే రోజుల్లో ఒక మగాడు బద్ధకించి మాయని తీసుకెళ్ళి కాలవగట్టున పారేశాడు. కుక్కలు దాన్ని నడివీధిలోకి ఈడ్చుకొచ్చాయి. అప్పటినుంచి గొయ్యి లోతుగా తవ్వించడానికి కళ్ళు పోతాయని భయపెట్టడం మొదలుపెట్టింది. శుభ్రం కోసం తవ్వమంటే ఏ మగాడూ గునపం పట్టుకోడు, బిడ్డ కళ్ళంటే పరిగెడతాడు. అనగా అనగా ఆమెకే అది నిజమనిపించసాగింది. ఇప్పుడు ఆ పాత గొయ్యి ఇంత దూరం వచ్చి దీనా కన్ను ముందు నోరు తెరుచుకుంది.

"డాక్టరమ్మ సెప్పినట్టు సెయ్యి," అంది చిన్న గొంతుతో.

"ఆవిడకి మాయ సంగతేటి తెలుసు పిన్నీ? ఆవిడ కన్నదో లేదో. నువ్వు సెప్పు. నువ్వు ఎన్ని మాయలు పాతేవు. నువ్వు పరవాలేదంటే నేను సంతకం పెడతాను. కాదంటే ఇప్పుడే బస్సెక్కుతాను."

మళ్ళీ ఆమె మాట మీదే పడింది. ఏ మాట కన్ను పోగొట్టిందో ఆ మాటే కావాలంటోంది ఈ పిచ్చి తల్లి. పరవాలేదని ఒక్క ముక్క అనేస్తే పని అయిపోతుంది. తన పెద్దరికమూ నిలబడుతుంది. అప్పలకొండమ్మకి ఆ ఆలోచన వచ్చింది. రాలేదని చెప్పుకోడానికి లేదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకి తన మీదే రోత పుట్టింది.

"ఆ మాట నేను కల్పించిందే పుష్పా," అంది.

"ఏ మాట?"

"కళ్ళు పోతాయన్నది. ఏ తల్లీ నాకు సెప్పలేదు, ఏ శాస్త్రంలోనూ లేదు. కుక్కలు ఈడ్సకుండా గొయ్యి లోతుగా తవ్విత్తారని నేనే పుట్టించేను."

పుష్పకుమారి ఆమె ముఖంలోకి చూసి, అలిసిపోయినట్టు నవ్వింది. "బిడ్డ కోసం అలగ అంటన్నావు. నువ్వు అబద్దమాడే మనిసివి కాదు పిన్నీ."

అప్పలకొండమ్మ కుడి అరిచెయ్యి తెరిచి ఒళ్ళో పెట్టుకుంది. దాన్నే చూస్తూ మాట్లాడింది.

"ఆడే మనిసినే. దీనా నా అరుగు మీద కూకున్న రోజు, ఈ సేతిలో ఏటీ పడలేదు. నలుసు లేదు. ఆకు గీసిందని నా నాలిక్కి తెలిసింది. అందరూ సూత్తన్నారని, పోయిందన్నాను. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళమని అనుంటే సుక్కల మందుతో పోయీదంట. ఆవిడ సెప్పింది, నువ్వూ ఇన్నావు. ఆముదం పోసింది నేను, పాలు పోసింది నేను, కట్టు కట్టింది నేను. అప్పుడు నమ్మేవు కదా. ఇప్పుడు నన్ను నమ్మకు. ఎళ్ళి సంతకం పెట్టు."

వరండాలో ఎవరో ముసలాయన్ని కంటి మీద పచ్చ గుడ్డతో నడిపించుకుపోతున్నారు. అతను దాటిపోయేదాకా చూసి, పుష్పకుమారి లేచింది. కొంగు బొడ్లో దోపుకుని లోపలికెళ్ళింది. సంతకం పెట్టింది. ఆపరేషను అయ్యేదాకా అప్పలకొండమ్మ వైపు చూడలేదు.

ఆపరేషను అయింది. ఎవరో తల్లి, ఎక్కడో కని, ఇచ్చేసిన పొర దీనా కన్ను మీద పరుచుకుంది. మంట చల్లారింది. సలుపు తగ్గింది. వారాలు గడిచి ఆ పొర కరిగేసరికి పుండు పూడి కన్ను నిలబడింది. నిలబడింది గాని, నల్లగుడ్డు మధ్యలో పువ్వు మిగిలిపోయింది, బియ్యప్పిండి బొట్టు పెట్టినట్టు. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, ఎదుట చెయ్యి ఆడిస్తే తెలుస్తుంది, సూది తెలియదు. ముందు ముందు ఎవరైనా పోయినవాళ్ళు ఇచ్చిన నల్లగుడ్డు మార్చి పెడితే చూపు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. దీనా ఒంటికంటితో జాకెట్లు కుట్టడం మళ్ళీ నేర్చుకుంటోంది. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ వేస్తోంది.

తిరిగొచ్చాక పుష్పకుమారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి, "చెరుకాకు కోసింది. మరేటి సేత్తాం," అనేది. ఆదివారం ప్రార్థనలో దీనా కోసం చేతులెత్తినప్పుడు, పిన్ని కోసం కూడా ఎత్తిందని అబ్రహాం చెప్పాడు. క్షమించడం వాళ్ళకి అలవాటేమో. క్షమించబడడం అప్పలకొండమ్మకి అలవాటు లేదు. తిడితే తిట్టగలదు, కొడితే ఓర్చుకోగలదు. క్రిస్మస్ పండగనాడు కేకు ముక్క పట్టుకొచ్చి దీనా "మామ్మా, తిను," అంటే ఆ పువ్వు వేసిన కంటివైపు చూడలేక గోడవైపు తిరిగి తింది. ఏ రుచీ తెలియలేదు.

తనే చెప్పి చూసింది. కొళాయి దగ్గర ఇద్దరు ముగ్గురితో, "దాని కన్ను నా వల్లే పోయింది," అంది. "అలగనకప్పా, పిల్ల మీద మనసున్నదానివి కాబట్టి అలగ అనుకుంటన్నావు," అన్నారు. "ఆకుదే తప్పు, నీదేటుంది," అన్నారు. ఆ ఓదార్పు చెవిలో పడ్డప్పుడల్లా ఆమెకి అరిచెయ్యి దాచుకోవాలనిపించేది.

జనం మళ్ళీ రావడమూ మానలేదు. మరుసటి వేసవిలో నక్కపల్లి నుంచి బంధువులింటికి వచ్చిన ఒక పిల్లతల్లి, చంటివాణ్ణి ఎత్తుకుని అరుగు మీదకి వచ్చింది. వాడు కన్ను తెరవకుండా గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"నలుసు పడిందమ్మా. నువ్వు తీత్తావని సెప్పేరు."

"ఆసుపత్రికి తీసుకెళ్ళు."

"ఇంత సిన్నదానికి ఆసుపత్రేటి. ఒక్క పాలి సూడమ్మా. ఏడుపు సూడలేకపోతన్నాను."

వద్దంటూనే అప్పలకొండమ్మ లేచి ఉప్పునీళ్ళ చెంబు అందుకుంది. పుక్కిలించింది. కొంగుతో పెదాలు తుడుచుకుంది. బిడ్డ తల ఒళ్ళోకి తీసుకోబోతూ, ఏం చేస్తోందో అప్పుడు తెలిసి, చేతులు రెండూ వెనక్కి లాక్కుంది. లోపలికి పోయి తలుపు గడియపెట్టేసుకుంది. ఆ తల్లి బయట చాలాసేపు బతిమాలి, తర్వాత శాపనార్థాలు పెట్టి వెళ్ళింది. ఆసుపత్రికే వెళ్ళిందో, మరో ముసలమ్మ దగ్గరికి వెళ్ళిందో తెలియదు. అప్పలకొండమ్మకి ఆ సంగతి తెలియకపోవడమే పెద్ద బాధ అయిపోయింది.

మర్నాడు సన్నాసమ్మ వచ్చి తలుపు బాదింది.

"ఏటప్పా, పసిబిడ్డని ఏడిపించి పంపీసేవంట? నీకేటి పొగరు పట్టిందా, మతి పోయిందా?"

అప్పలకొండమ్మ తలుపు తీసి, ఆమెని లోపల కూర్చోబెట్టింది. వైజాగు వరండాలో పుష్పకుమారికి చెప్పిందంతా చెప్పింది.

"ఇప్పుడిదంతా నాకెందుకు సెప్తన్నావు?" అంది సన్నాసమ్మ.

"నువ్వు నాకో పని సేసిపెట్టాల సన్నాసీ."

"సెప్పు."

"కొళాయి కాడా, రేసను సాపు కాడా, పదిమంది ఎక్కడుంటే అక్కడ సెప్పు. దీనా కన్ను ఆకు తియ్యలేదు, అప్పలకొండమ్మ తీసిందని. సేతిలో ఏటీ లేకుండా ఉందని అబద్దమాడిందని."

"నా నోటితోనా?"

"నీ నోటితోనే. నేను సెప్తే నా మంచితనం అనుకుంటన్నారు. పుష్పకుమారి సచ్చినా సెప్పదు. నువ్వు సెప్తే నమ్ముతారు. నువ్వు ఎవలినీ ఎనకేసుకొచ్చీదానివి కాదని ఊరందరికీ తెలుసు."

సన్నాసమ్మ గడప వైపు చూస్తూ కూర్చుంది. "ఆ తరవాత నీ గుమ్మం ఎవులెక్కుతారప్పా?"

"ఎవులూ ఎక్కరు. నన్ను తిట్టుకుంటా ఆసుపత్రికెళ్తారు. ఎళ్ళనీ. ఈయేళే మొదలెట్టు. ఎక్కడా నా మీద జాలి కలపకు."